ఎనిమిది వస్తే శని అని పిల్లల్ని భయపెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వచ్చే న్యూమరాలజీ శీర్షిక గురించి ఈ ఉత్తరం. నేను కడపలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్తాను. హాల్‌టికెట్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని అందులోని అంకెలన్నీ కూడడం, ఎనిమిది వచ్చిందంటే శని అని టెన్షన్ పడిపోవడం. 8, 17, 26 తేదీల్లో పుట్టినవాళ్లకైతే ఇంట్లో పెద్దవాళ్లే ఆ భయం నూరిపోస్తున్నారు. చదువుకోవాల్సిన రోజుల్లో ఇదేం గోల అని బాధేసి రాస్తున్నా.

అసలు ఒక్క అంకె మిగిలేదాకా అంకెలన్నీ కూడితే వచ్చేదేమిటి? ఆ సంఖ్యను 9తో భాగిస్తే మిగిలే శేషం (శేషం సున్నా అయితే 9 అంటాం), అంతే. మరి 9కే ఆ గొప్ప ఎందుకంటే మనం పదుల్లో రాస్తాం, 9 పదికి ఒకటి తక్కువ. అదే ఎనిమిదుల్లో రాస్తే ఆ పని 7 చేస్తుంది. అక్కడ 8ని 10 అనీ, 17ని 21 అనీ (రెండు ఎనిమిదులు, పైన ఒకటి), 26ని 32 అనీ రాయాలి. ఇప్పుడు కూడండి: 1, 3, 5. పన్నెండుల్లో, అంటే డజన్ల లెక్కన రాస్తే అవే తేదీలు 8, 15, 22 అవుతాయి, కూడితే 8, 6, 4. పుట్టినరోజు అదే, రాసే పద్ధతి మారేసరికి మూడూ మూడు దారులు పట్టాయి. ఇక శని ఎవరికి పట్టినట్టు?

పదుల్లో రాయడం వేళ్ల వల్ల వచ్చిన అలవాటు, అదొక్కటే దారి కాదు. 1957 ఏప్రిల్ దాకా మన రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, మన తాతలు బజార్లో ఆ లెక్కతోనే బతికారు.

సంఖ్యకు సొంతమైన గుణాలు వేరే ఉన్నాయి, పిల్లలకు చెప్పాల్సింది అవి. 17ను మూడుల్లో 122 అని రాసినా, రెండుల్లో 10001 అని రాసినా అది ప్రధాన సంఖ్యే, 17 చీనీకాయల్ని ఒకే వరసలోనో ఒక్కొక్కటిగానో తప్ప సమానమైన వరసల్లో ఎవరూ పేర్చలేరు. సరిసంఖ్య కూడా ఎలా రాసినా సరిసంఖ్యే, కానీ దాన్ని గుర్తుపట్టే చిట్కా మారిపోతుంది: మూడుల్లో 11 అంటే నాలుగు, కాబట్టి అక్కడ చివరి అంకె చూసి లాభం లేదు, అంకెలన్నీ కూడితే సరిసంఖ్య రావాలి. భాజనీయతా సూత్రాలు బట్టీ పట్టిన పిల్లలు ఇది చూసి, ఆ సూత్రాలు ఎందుకు పనిచేస్తాయో మొదటిసారి అడుగుతారు. ఇంకో వింత, 1885లో గ్రున్‌వాల్డ్ అనే ఇటలీ ఆయన పదికో ఎనిమిదికో బదులు మైనస్ సంఖ్యను ఆధారంగా పెట్టి కూడా సంఖ్యలు రాయొచ్చని చూపించాడు. మైనస్ రెండు ఆధారమైతే 11 అంటే (ఒక మైనస్ రెండు, పైన ఒకటి) మైనస్ ఒకటి, ముందు గుర్తు పెట్టే పనే లేదు!

కనీసం పరీక్షల నెలల్లోనైనా ఆ శీర్షిక ఆపి, ఆ స్థలం ఇలాంటి లెక్కలకు ఇవ్వండి. మొదటి వారానికి ప్రశ్న నేనే ఇస్తాను. పదుల్లో 121 అంటే 11 వర్గం. ఎనిమిదుల్లో 121 అంటే 81, అది 9 వర్గం. మూడుల్లో 121 అంటే 16, అది 4 వర్గం. రెండు కంటే పెద్ద సంఖ్య ఏది ఆధారమైనా 121 వర్గసంఖ్యే అవుతుంది, ఎందుకు? హైస్కూల్ బీజగణితం తెలిస్తే చాలు, జవాబు రెండు లైన్లలో రాయొచ్చు.

- ఒక లెక్కల టీచరు, కడప