కంప్యూటరు అక్కర్లేని పెద్ద సంఖ్య

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలోని గణిత శీర్షికలో 3, 5, 17, 257, 65,537 సంఖ్యలను వరుసగా ఇచ్చి, 2ను మళ్లీ మళ్లీ వర్గం చేస్తూ ప్రతిసారీ 1 కలిపితే ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వస్తుందనీ, తర్వాత వచ్చే 429,49,67,297 మరీ పెద్దది కావడంతో కంప్యూటరు లేనిదే దాన్ని పరీక్షించలేమనీ రాశారు. ఈ రెండు మాటలూ సరికావు. మొదటిది 1640లో గణితవేత్త ఫెర్మా అంతటివారే నమ్మి తమ లేఖల్లో రాసిన మాట గనుక దాన్ని తప్పు పట్టడానికి మనసొప్పదు. పిల్లలు చదివే పేజీలో రెండోది మాత్రం ఉండకూడదు.

ఆ 429,49,67,297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని మరో గణితవేత్త ఆయిలర్ 1732లోనే చూపించారు. భాగఫలం 67,00,417, అది ప్రధాన సంఖ్య. ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించి చూడాలంటే 65,536 లోపు ఉన్న 6,542 ప్రధాన సంఖ్యలనూ వాడాల్సి రావచ్చు. కానీ ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే సరిగ్గా 1 ఎక్కువ ఉండి తీరాలని ఆయిలరే తర్వాత నిరూపించారు. ఆ లెక్కన చూడవలసినవి 193, 257, 449, 577, ఆపైన 641. అంటే ఐదో భాగహారంతోనే పని పూర్తవుతుంది.

నిజానికి ఆ ఒక్క భాగహారం కూడా అక్కర్లేదు. 640 అంటే 5ను 2 యొక్క 7వ ఘాతంతో గుణించగా వచ్చేది. అది 641కి 1 తక్కువ, అంటే శేషాల లెక్కలో రుణ 1తో సమానం కాబట్టి దాని నాలుగో ఘాతాన్ని 641తో భాగిస్తే శేషం 1 వస్తుంది. ఆ నాలుగో ఘాతమంటే 625ను 2 యొక్క 28వ ఘాతంతో గుణించడమే. 625 కూడా 641కి 16 తక్కువ. శేషాల లెక్కలో దాని బదులు రుణ 16 రాసుకోవచ్చు. 16 అంటే 2 యొక్క 4వ ఘాతం గనుక మొత్తం 2 యొక్క 32వ ఘాతానికి రుణరూపం అవుతుంది, దాని శేషం 1. కాబట్టి 2 యొక్క 32వ ఘాతానికి 1 కలిపితే వచ్చే మన 429,49,67,297ను 641 పూర్తిగా భాగిస్తుంది. తొమ్మిదో తరగతి విద్యార్థి అర పేజీలో రాయగలిగిన నిరూపణ ఇది.

ఈ సంఖ్యలోంచి 2 తీసేస్తే మిగిలే 429,49,67,295 మీరిచ్చిన ఆ ఐదు ప్రధాన సంఖ్యల లబ్ధం కావడం మరో ముచ్చట. సరిగ్గా 429,49,67,295 భుజాలున్న క్రమ బహుభుజిని వృత్తలేఖిని, గీతలు లేని స్కేలుతో గీయడం సాధ్యమేనని గణితవేత్త గాస్ సిద్ధాంతం చెబుతుంది, గీసే ఓపిక ఎవరికి ఉంటుందన్నది వేరే సంగతి.

వచ్చే ఆదివారం సవరణ వేసేటప్పుడు "ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు" అనే ఒక్క వాక్యంతో సరిపెట్టక, పైన చెప్పిన 641 నిరూపణను కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు