జాకెట్టు ముక్క మీద రంగు ఎందుకు నిలవదు?

సంపాదకుల వారికి,

మిగిలిన బట్టల మీద బొమ్మలు వేసి సంచులు, దిండు గలీబులు కుట్టుకోండని పత్రికల మహిళా పేజీల్లో తరచూ వస్తోంది. సంతోషమే, ఫోటోలూ బాగుంటున్నాయి. ఏ బట్ట తీసుకోవాలో మాత్రం రాయడం లేదు. "పాత బట్ట ఏదైనా సరే" అని ఒక్క ముక్కతో దాటేస్తున్నారు. పని చెడేది అక్కడే. రెండు ఉతుకులకే రంగు పొట్టులా లేచిపోతే అందరూ రంగు సీసాను తిడతారు. చాలాసార్లు తప్పు సీసాది కాదు, బట్టది. ఇకముందు ఇలాంటివి వేసేటప్పుడు బట్ట రకం, కొలత, ఆరబెట్టే సమయం కూడా వేయమని అనంతపురంలో కుట్టుపనీ రంగుల పనీ చేసే మా మనవి.

మన ఇళ్ళలో బీరువా కింది అరలో పేరుకునేవి వాయనాల్లో, గృహప్రవేశాల్లో పసుపు కుంకుమతో పెట్టిన జాకెట్టు ముక్కలు. పెట్టినవాళ్ళు కుట్టించుకుంటారని పెట్టరు, తీసుకున్నవాళ్ళు కుట్టించుకోరు. ఒకే ముక్క నాలుగిళ్ళ తాంబూలాలు తిరిగి మళ్ళీ మొదటింటికే వచ్చినా ఆశ్చర్యం లేదు. వీటిలో పాలిస్టరువీ, పాలిస్టరు కలిసినవీ చాలా. ఫెవిక్రిల్ అయినా కేమెల్ అయినా, బట్టల రంగు తడి పీల్చే నూలు పోగు మీద బాగా నిలుస్తుంది. నున్నటి పాలిస్టరు పోగు తడి పీల్చదు. రంగు దాని మీద పొరలా కూర్చుని, మడత పడ్డచోట పగిలి రాలుతుంది.

తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ముక్క అంచు నుంచి పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డ) పోగు ఒకటి లాగండి. రెండూ ఒకే రకం కాకపోవచ్చు గనుక విడివిడిగా చూడాలి. పటకారుతో పట్టుకుని దీపానికి ఆనించండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య పొడైపోతుంది. పాలిస్టరు ముడుచుకుని, కరిగి, చివర నలగని గట్టి పూసగా మిగులుతుంది. అది చల్లారేదాకా ముట్టుకోవద్దు, చర్మానికి అంటుకుంటుంది. కాగితం వాసన వస్తూనే గట్టి పూస కూడా మిగిలితే టెరికాటన్, అంటే నూలూ పాలిస్టరూ కలిసినది. పట్టుకు వెంట్రుక కాలిన వాసన. జాకెట్లకు వాడే టూ బై టూ రూబియా, పాప్లిన్ అనే నూలు బట్టలు, పాత నూలు పంచె ఈ పనికి మేలైనవి. టూ బై టూ అని అమ్మేవన్నీ అచ్చం నూలు కావు కాబట్టి వాటికీ ఈ పరీక్ష తప్పదు.

నూలని తేలాక ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఇంకకుండా ముత్యంలా నిలబడిందంటే గంజి, మిల్లులో పెట్టిన మెరుపు ఇంకా ఉన్నట్టే. దాని మీద వేసిన రంగు గంజిని పట్టుకుంటుంది, బట్టను కాదు. ఉతికితే గంజి పోతుంది, దానితో రంగూ పోతుంది. పది లీటర్ల వేడినీళ్ళలో రెండు చెంచాల చాకలి సోడా, ఒక చెంచా సబ్బుపొడి కలిపి అరగంట నానబెట్టి, పిండి, రెండు మూడు నీళ్ళు మార్చాలి. మన సీమ బోరు నీళ్ళలో సబ్బు నురగ కట్టక తెల్లటి తెట్టె కడుతుంది, అది పోగులకు పట్టుకుంటే మళ్ళీ అదే తంటా. సోడా ఆ నీళ్ళ గట్టిదనాన్ని కొంత విరుస్తుంది. ఆఖరి జాడింపుకు వాననీళ్ళో ఫిల్టరు నీళ్ళో ఒక బిందెడు చాలు. మెత్తదనానికి వాడే సువాసన ద్రావకం మాత్రం వద్దు, అదీ పోగు మీద పూతే. ఆరాక మళ్ళీ చుక్క వేయండి. ఈసారి ఇంకుతుంది.

బట్ట ముడుచుకోవడమూ ఈ ఉతుకులోనే అయిపోతుంది గనుక కత్తిరింపు తర్వాతే. ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్క దాదాపు ముప్పై ఒకటిన్నర అంగుళాలు. ఉతికాక కాస్త తగ్గినా తొమ్మిది అంగుళాల వెడల్పు, ఇరవై నాలుగు అంగుళాల పొడవున మూడు ముక్కలు సులువుగా వస్తాయి. ఒక్కోదానికి ఒక నాడా సంచి. ముక్క పొడవు పడుగు వెంట ఉండాలి. ఐమూలగా పోతే సంచి ఒక పక్కకు సాగి వేలాడుతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ముక్కను సగానికి మడిస్తే మడతే సంచి అడుగు. రెండు వైపులా నెమలి కావాలంటే పరిచిన బట్ట మీద ఒక నెమలి నిటారుగా, రెండోది తలకిందులుగా ఉండాలి. రెంటినీ ఒకేవైపు తిప్పి వేస్తే, కుట్టాక వెనక నెమలి కాళ్ళు పైకెత్తి ఉంటుంది. అందుకే ముందు మడిచి, సుద్దతో రెండు వైపులా బాణం గుర్తు పెట్టుకోండి. పైనుంచి మూడు అంగుళాలు నాడా మడతకు, కింద రెండు అంగుళాలు అడుగుకు, పక్కన అర అంగుళం కుట్టుకు వదలాలి. కుట్టు వచ్చేచోట రంగు ఉండకూడదు. రంగు పొరలో సూది గుచ్చిన రంధ్రం మళ్ళీ పూడదు, కుట్టు విప్పినా చుక్కలు కనబడుతూనే ఉంటాయి.

బట్టను ఫ్రేములో బిగించి అడుగున పాత ప్లాస్టిక్ కాగితం వేయండి. వార్తాపత్రిక వద్దు (మన్నించాలి), సిరా అంటుతుంది. రంగు గట్టిగా ఉంటే దాన్ని పలచబరచడానికి అమ్మే మీడియం అనే ద్రావకమే కలపాలి, నీళ్ళు రెండు మూడు చుక్కలకు మించితే రంగు గీత దాటి పోగుల వెంట పాకుతుంది. ఒక్కసారే మందంగా పూసేకన్నా పలచగా రెండు పూతలు మేలు, మందం పూత మడతలో పగులుతుంది. ఎండాకాలం ఫ్యాను కింద కూర్చుంటే కుంచె మీదే ఎండిపోతుంది. ఫ్యాను ఆపండి.

బొమ్మకు వెతుక్కోనక్కర్లేదు. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆడవాళ్ళ చీరల మీదున్న గళ్ళు, తీగలు, పువ్వులు చాలు. అయితే ఏడు అంగుళాల జాగాలో మొత్తం మనిషి బొమ్మ ఎక్కిస్తే ముఖం మరకవుతుంది. ఒక్క పువ్వు తీసుకుని వరుసగా వేస్తే కంటికి నిండుగా ఉంటుంది. నిమ్మలకుంట తోలుబొమ్మలకు వాడే పలచటి రంగులతో బట్ట మీద వేయాలనుకోకండి. అవి తోలు మీద నిలిచి దీపపు వెలుగును సాగనిస్తాయి, నూలు మీద పాకుతాయి.

నీడన ఒక పూర్తి రోజు ఆరాక, బట్ట తిరగేసి, పైన పలచటి గుడ్డ కప్పి, ఇస్త్రీపెట్టెను నూలు వేడిలో పెట్టి మూడు నాలుగు నిమిషాలు మెల్లగా జరుపుతూ తోమాలి. ఆవిరి వద్దు. రంగులోని జిగురు ఆ వేడికి కలిసి పోగును చుట్టుకుంటుంది. ఇది వదిలేసి "రంగు నాసిరకం" అనడం అన్యాయం. కుట్టు ఆ తర్వాతే. మొదటి ఉతుకు మూడు రోజులు ఆగి, లోపలివైపు తిప్పి, చన్నీళ్ళతో, బ్రష్ వేయకుండా.

పక్క కుట్లలో పై మూడు అంగుళాలు వదిలేయాలి. ఆ అంచులను లోపలికి మడిచి, పైనుంచి అర అంగుళం, మళ్ళీ ఒక అంగుళం మడిచి కుడితే నాడా దూరే దారి. ఎనిమిది అంగుళాల వెడల్పు, పదిన్నర అంగుళాల లోతు వస్తుంది. ఇరవై నాలుగు అంగుళాల నాడాలు రెండు, చెరోవైపు నుంచి దూర్చాలి.

పాత ధర్మవరం చీరలను మాత్రం రంగుకు వాడకండి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంటే చీలుతుంది, సోడా దాన్ని ఇంకా కొరుకుతుంది. గట్టిగా మిగిలేది అంచే. దాన్ని విడదీసి, కింద పలచటి నూలు గుడ్డ ఆనించి, చేత్తో కుట్టి సంచి మూతికో పుస్తకం అట్టకో వేయొచ్చు.

దర్జీల దగ్గర దొరికే రంగు ముక్కలను ఈ సంచులకో బొంతలకో కలిపేముందు, తడిపిన తెల్లగుడ్డ పైన వేసి ఇస్త్రీ చేయండి. గుడ్డకు ఎరుపో నీలమో అంటితే ఆ ముక్క పక్కన పెట్టేయడమే. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఉప్పు పని అద్దకం తొట్టిలో, అద్దేటప్పుడు. అద్దడం అయిపోయిన బట్టకు అది ఏమీ చేయదు.

ఇట్లు,
కుట్టుపని, బట్టల మీద రంగుల పని చేసే కొందరు
అనంతపురం