సినిమా రాయితీలు చూసే అధికారి గారికి చిత్తూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అయ్యా,

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ఓ ఉమ్మడి కుటుంబం కథను మేం పనిచేసే చోటే సినిమాగా తీస్తున్నారు. ప్రభుత్వ రాయితీ కోరుతున్న సినిమా కనుక తమరికి విన్నపాలు పంపాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాం.

కథలో ఓనర్ల పంతాలు, వాటాల గొడవలు నిండుగా ఉన్నాయి. పనివాళ్లే లేరు. జూన్, జులైలలో తోతాపురి కాయలు దిగితే బెల్టు పక్కన గంటల తరబడి నిలబడి మచ్చకాయ ఏరేది, తొడిమ కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. సొన తగిలి వేళ్ల సందులు పొక్కిపోతాయి. వాళ్లలో దళితులున్నారు, ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లున్నారు. షూటింగులో వీళ్లంతా వెనకాల గుంపు. మాటలున్న ఒకే ఒక్క కూలీ పాత్రకు బయటి నటిని తెచ్చి, మా యాసను వెటకారంగా పలికిస్తున్నారు. ఇది మాకు కొత్తేం కాదులెండి.

చెవులు వినబడని కుర్రాడి పాత్ర ఇంకా బాధ. ఎవరేం తిట్టినా తెలియక నవ్వుతూ నిలబడటమే అక్కడ కామెడీ. మా దగ్గర అలాంటి అమ్మాయే పనిచేస్తోంది. ఆ సీను తీశాక కొందరు ఆమెను అలాగే ఆటపట్టిస్తే కొన్నాళ్లు పనికే రాలేదు. సినిమాల్లో వికలాంగులను కించపరచవద్దని, వాళ్ల మాట కూడా తీసుకోవాలని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

సినిమా ఆపమని అడగడం లేదు. రాయితీ మంజూరుకు ముందు దర్శకనిర్మాతలను, ఫ్యాక్టరీ ఆడవాళ్లను, బధిరుల ప్రతినిధులను ఒకచోట కూర్చోబెట్టండి. ఆ సీను మార్చాకే ఫైలు కదలాలి. సమావేశం తేదీ తెలుపుతూ రాతపూర్వకంగా జవాబు ఇప్పించగలరు.

ఇట్లు,
చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీ కార్మికులు