‘ఆస్పర్న్ 1809’ సెట్టులో మేం చేసిన తప్పులు, వాటిని సరిదిద్దే ఏర్పాటు

మా వద్ద బొమ్మలు కొంటున్న మిత్రులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్‌లో, వియన్నా దగ్గర నెపోలియన్ సేనతో ఆస్ట్రియా చేసిన యుద్ధాన్ని గుర్తుచేస్తూ ‘ఆస్పర్న్ 1809’ పేరుతో ఆస్ట్రియా జనరల్స్, స్టాఫ్ ఆఫీసర్ల సెట్టు ఒకటి విడుదల చేశాం. 28 మిల్లీమీటర్ల కొలతలో నాలుగు లోహపు బొమ్మలకు సికింద్రాబాద్‌లోని మా వర్క్‌షాపులో రంగులు వేసి, 6,800 రూపాయలకు అమ్మిన ఆ సెట్టును మీలో 34 మంది తీసుకున్నారు. అందులో మూడు తప్పులు దొర్లాయి. మూడింటికీ బాధ్యుణ్ణి నేనే, ఎందుకంటే బొమ్మలకు రంగులు వేసే ఇద్దరు కుర్రాళ్లకు నమూనా వేసి ఇచ్చింది నేను. వాళ్లు దానిని ఉన్నది ఉన్నట్టు దించారు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎందుకు జరిగిందో, ఇప్పుడు మీకు ఏం చేయబోతున్నామో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదటి తప్పును జర్మనీలో ఉంటున్న మన తెలుగు ఖాతాదారు ఒకరు పట్టుకున్నారు. వియన్నాలోని సైనిక చరిత్ర మ్యూజియం చూసి వచ్చిన వారంలోనే ఆయన మా బొమ్మను భూతద్దం కింద పెట్టి ఫోటో తీసి, “ఈ జనరల్ గారి కాలరు మీద రెండు వెండి చుక్కలు ఎందుకున్నాయండీ?” అని ఒకే ఒక్క వాక్యం రాసి పంపారు. ఆ చుక్కలు నక్షత్రాలని, రెండు నక్షత్రాలంటే జనరల్స్‌లో ఒక మెట్టయిన ఫెల్డ్‌మార్షల్ లెఫ్టినెంట్ హోదా అని జవాబు రాయబోయి, సంవత్సరం సరిచూసుకుందామని ఆగాను. ఆగడమే మంచిదైంది. ఆస్ట్రియా సైన్యంలో కాలరు మీద నక్షత్రాలతో హోదా చూపే పద్ధతి 1849లో వచ్చింది. పాత తోక కోటు పోయి, మొలను చుట్టూ కప్పే పొట్టి అంగరఖా లాంటి ట్యూనిక్ వచ్చిందీ ఆ సంస్కరణలోనే. అంటే మేం పంపిన బొమ్మ ఒంటి మీద 1809 నాటి తోక కోటు, దాని మెడ మీద 40 ఏళ్ల తరువాతి నక్షత్రాలు ఉన్నాయి. ఆ రెండూ కలిసి ఒక్క మనిషి ఒంటి మీద ఏనాడూ లేవు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ఆస్ట్రియా సేనాని రాడెట్స్కీ గురించి చెప్పాలి. 1766లో పుట్టి 1858లో మరణించిన ఆ సేనాని 1809లో వాగ్రామ్ యుద్ధం తరువాత, సైన్యం కదలికలు, మకాములు చూసే క్వార్టర్‌మాస్టర్ జనరల్ స్టాఫ్‌కు అధిపతి అయ్యాడు. 1813లో లైప్‌జిగ్ యుద్ధం నాటికి సర్వసేనాని ష్వార్జెన్‌బర్గ్ దగ్గర ప్రధాన స్టాఫ్ అధికారిగా ఉన్నాడు. 80 ఏళ్లు దాటాక కూడా 1848, 49 సంవత్సరాల్లో ఇటలీలో సైన్యాన్ని నడిపాడు. యూనిఫాంల కోసం నేను సేకరించిన చిత్రాలన్నీ ఆయన పేరుతో ఒకే ఫోల్డరులో వేసుకున్నాను. ఒకే మనిషి జీవితంలో రెండు తరాల యూనిఫాంలు గడిచిపోయాయన్న సంగతి అప్పుడు నా బుర్రకు తట్టలేదు. 1850ల నాటి జనరల్స్ చిత్రాలలోని కాలరును తెచ్చి, నెపోలియన్ కాలపు కోటుకు అతికించాను. ఫోల్డరుకు మనిషి పేరు బదులు సంవత్సరం పేరు పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

1809లో జనరల్ హోదాను చూసి పోల్చుకోవలసింది కాలరు దగ్గర కాదు, చేతిపట్టీల దగ్గర, అక్కడ కుట్టిన బంగారు జరీలో. ఆ జరీ సాదా పట్టీ కాదు, వంకీలు తిరిగిన అల్లిక. మన పట్టుచీర అంచు మీది గోపురం వరుసను బాగా చిన్నదిగా ఊహించుకుంటే దగ్గరగా ఉంటుంది. మా బొమ్మల మీద ఈ భాగం సరిగానే వచ్చిందని నిర్మొహమాటంగా చెప్పుకుంటాను. చేతిపట్టీ వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరుకు మించదు కాబట్టి దాని మీద వంకీలను ఎవరూ నిజంగా గీయలేరు. ముందు ముదురు ఆవపసుపు పట్టీ వేసి, అది ఆరాక రెండు అంచుల్లో జుట్టంత సన్నని గోధుమ గీతలు లాగి, ఆపైన లేత పసుపుతో ఏటవాలుగా ఎనిమిదో తొమ్మిదో చుక్కలు పెడితే, అడుగు దూరం నుంచి చూసేవారి కంటికి అది వంకీ జరీలాగే తోస్తుంది. లోహపు బంగారు రంగు వాడితే చుక్కకూ చుక్కకూ మధ్య తేడా కలిసిపోయి, మొత్తం ఇత్తడి కడియంలా కనిపిస్తుంది. అందుకే వాడలేదు.

రెండో తప్పు ఆకుపచ్చ కోట్ల విషయంలో జరిగింది. తెల్ల కోట్ల సైన్యం మధ్యలో జనరల్ పక్కన ముదురు ఆకుపచ్చ కోట్లలో కనిపించేవారు రెండు రకాల వాళ్లు. నల్ల వెల్వెట్ కాలరు, నల్ల వెల్వెట్ చేతిపట్టీలు, పసుపు గుండీలు ఉన్నవాడు క్వార్టర్‌మాస్టర్ జనరల్ స్టాఫ్ మనిషి. దారులు, మకాములు, పటాలు, కదలికల ఆజ్ఞలు అతని పని. ఎర్ర కాలరు ఉన్నవాడు అడ్జుటెంట్. అతను జనరల్ సొంత పరివారంలోనివాడు, మాట మోసుకుపోయేవాడు. మా సెట్టులో పటం పట్టుకుని నిలబడ్డ ఆఫీసరుకు నల్ల కాలరు వేశాం, అది సరైనదే. గుర్రం మీద ఉత్తరంతో పరుగెడుతున్న అడ్జుటెంటుకు కూడా ‘ఆకుపచ్చ కోటే కదా’ అని నల్ల కాలరే వేసేశాం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, ఆస్ట్రియా సైన్యం కోర్ పద్ధతికి, అంటే ఒక్కో సేనాని కింద విడిగా నడిచే పెద్ద దళాల పద్ధతికి, మారి యుద్ధానికి దిగింది 1809లోనే. హిల్లర్, బెల్‌గార్డ్, హోహెన్‌జోలెర్న్, రోజెన్‌బర్గ్ వంటివారు ఒక్కొక్కరు ఒక్కో కోర్‌ను నడుపుతూ ఆస్పర్న్ మైదానానికి వేర్వేరు దారుల్లో వచ్చారు. అందుకే వాళ్ల పక్కన ఉన్న ఆకుపచ్చ కోటు ఎవరిదన్నది ఈ బొమ్మలతో బల్ల మీద యుద్ధం ఆట ఆడేవారికి కూడా పనికొచ్చే తేడా.

మూడో తప్పు బూడిద రంగుది. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ప్రశ్నలు దీని మీదే వచ్చాయి. జనరల్స్‌కు వేడుకలకు ఎర్ర కాలరు ఉన్న తెల్ల కోటు ఉండేది. దండయాత్రలో తొడుక్కోవడానికి ఎర్ర కాలరు, ఎర్ర చేతిపట్టీలు ఉన్న బూడిద కోటు ఉండేది. ఆ బూడిద రంగును జర్మన్‌లో ‘హెఖ్ట్‌గ్రౌ’ అంటారు. ‘హెఖ్ట్’ అంటే పైక్ అనే చేప. పైక్ మన చెరువుల్లో దొరకదు. చేప రంగు అనగానే నా కళ్ల ముందు మెదిలింది కొర్రమీను, అదీ దాని వీపు. ఆ లెక్కన నలుపు ఎక్కువ కలిపి వేయించాను, మబ్బు పట్టిన సిమెంటు గోడలా వచ్చింది. అసలు రంగు నీలం ఛాయ తొంగిచూసే లేత బూడిద. మామూలు లేత బూడిదలో ఆరో వంతు నీలం, నీడలకు మాత్రం ఇంకొంచెం నీలం కలిపి, వెలుగు పడేచోట తెలుపు చేర్చి కొత్త నమూనా వేశాను. ఎర్ర కాలరు పక్కన పెట్టి చూస్తే రెండు రంగులూ ఒకదాన్నొకటి నిలబెడుతున్నాయి. పాత నమూనాలో ఎరుపు ఆ సిమెంటు రంగులో మునిగిపోయింది.

వీటికి తోడు, జులైలో పంపిన 5 సెట్ల మీద వార్నిష్ పొగలు కమ్మినట్టు తెల్లబారింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున మెరుపు లేని (మ్యాట్) వార్నిష్ స్ప్రే కొడితే అలా జరుగుతుందని తెలిసి కూడా, ఆర్డర్లు ఆలస్యమవుతున్నాయన్న తొందరలో వాన కురుస్తున్న సాయంత్రమే కొట్టించాను. ఇకపై వానాకాలంలో స్ప్రే మానేసి, కుంచెతో వేసే వార్నిష్ మాత్రమే వాడతాం. పని నెమ్మదిస్తుంది. నెలకు 12 సెట్లకు మించి చేయలేం.

ఇప్పుడు మీకు చేయబోయేది ఇది. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో ఉన్నవారు సెట్టును వర్క్‌షాపుకు తెచ్చి ఇస్తే మూడు తప్పులనూ 10 రోజుల్లో సరిచేసి ఇస్తాం. రాలేనివారి ఇంటికి మనిషిని పంపుతాం. ఇతర ఊళ్లలో ఉన్నవారికి రానూపోనూ కొరియరు ఖర్చు మాది. విదేశాల్లో ఉన్నవారు బొమ్మలను వెనక్కి పంపడం వల్ల దారిలో అవి విరిగే ప్రమాదమే ఎక్కువ కాబట్టి, వారికి బూడిద కోటు జనరల్, అడ్జుటెంటు బొమ్మలు రెండూ కొత్తవి ఉచితంగా పంపి, తెల్ల కోటు జనరల్ కాలరును ఇంట్లోనే సరిచేసుకునేందుకు చిన్న సీసాలో మేం వాడిన ఎరుపు కూడా ఆ పెట్టెలోనే పెడతాం. ఏదీ వద్దు, డబ్బు వాపసు ఇస్తే చాలు అనేవారికి పూర్తి మొత్తం తిరిగి ఇస్తాం, కారణం అడగం. వార్నిష్ తెల్లబారిన 5 సెట్లు కొన్నవారికి మేమే ఫోన్ చేశాం, వారి బొమ్మలను మొదటి నుంచి మళ్లీ వేస్తున్నాం.

ఇంట్లో సరిచేసుకునేవారు నక్షత్రాలను బ్లేడుతో గీకవద్దు. గీకితే కింద ప్రైమర్ (అడుగు పూత) లేచి, కాలరు అంచు చెదిరిపోతుంది. ఎరుపును పాలలా పలచగా చేసుకుని, సున్నా నంబరు కుంచెతో చుక్క మీద మాత్రమే తాకిస్తూ రెండు పూతలు వేసి, మధ్యలో పావుగంట ఆరనివ్వండి. వెండి రంగు మొదటి పూతకు లొంగదు, మూడో పూత కూడా పట్టవచ్చు.

అక్టోబరులో ప్రకటిస్తామన్న ‘లైప్‌జిగ్ 1813’ సెట్టును వాయిదా వేస్తున్నాను. దానికి ముందస్తు సొమ్ము కట్టిన 9 మందికి ఈ వారంలోనే డబ్బు తిరిగి వస్తుంది. ఈసారి నమూనా బొమ్మను అమ్మకానికి పెట్టేముందు, ఈ కాలపు యూనిఫాంలు తెలిసిన ఖాతాదారుల్లో ముగ్గురికి పంపి, వారు సరేనన్నాకే మిగతావి మొదలుపెడతాం. జర్మనీ మిత్రుడు అందుకు ఇప్పటికే ఒప్పుకున్నారు.

ఇంకొక్క మాట. టోపీ పక్కన ఉన్న ఆకుపచ్చ మచ్చ కూడా తప్పేనా, రంగు ఒలికిందా అని ముగ్గురు అడిగారు. అది తప్పు కాదు. ఆస్ట్రియా సైనికులు, జనరల్స్‌తో సహా, యుద్ధంలో తమవాళ్లను గుర్తుపట్టడానికి టోపీకి వేసవిలో ఓక్ ఆకులు, చలికాలంలో ఫర్ అనే సూదాకుల చెట్టు రెమ్మ గుచ్చుకునేవారు. ఆస్పర్న్ యుద్ధం మే 21, 22 తేదీల్లో జరిగింది కాబట్టి ఓక్ ఆకులే వేశాం. దయచేసి దానిని చెరపవద్దు.