వసతి గృహంలో ఉన్నది దయ్యం కాదు, నిద్రలేమి

సంపాదకుడు గారికి,

అయ్యా, పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన బాలికల వసతి గృహం వార్త గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి. ఈలోగా వైద్యులో, విద్యాశాఖ అధికారులో నాలుగు మాటల్లో వివరణ ఇస్తారని ఎదురుచూశాను. ఎవరూ ఇవ్వలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చినా కాలూ చేయీ కదలడం లేదనీ, గొంతు పెగలడం లేదనీ, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుందనీ ఆ పిల్లలు చెబితే మీ విలేకరి ‘హాస్టల్లో దయ్యం’ అని శీర్షిక పెట్టారు. యాజమాన్యం భూతవైద్యుణ్ణి పిలిపించి గుమ్మాలకు నిమ్మకాయలు కట్టించింది. విచారణకు వెళ్లిన అధికారి పిల్లలకు ధైర్యం చెప్పి వచ్చేశారు. పిల్లలు రాత్రి పదకొండున్నర దాకా చదివి నాలుగున్నరకు లేస్తారని అదే వార్త చివరి పేరాలో ఉంది. జవాబు అక్కడే ఉన్నా ఎవరికీ తోచకపోవడం, ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం బోధించిన నాకు ఎంతో బాధ కలిగించింది.

ఆ పిల్లలు చెప్పినది అబద్ధం కాదు. వైద్యులు దానిని నిద్ర పక్షవాతం అంటారు. మన నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుంది. ఒక్కో ఆవృత్తం చివర, మూసిన రెప్పల కింద కళ్లు చకచకా కదిలే దశ వస్తుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ వెల్లడించిన ఈ దశలోనే స్పష్టమైన కలలు ఎక్కువగా వస్తాయి. కలలో పరుగెత్తే మనిషి మంచం దిగి పరుగెత్తకుండా, మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలు కండరాలను కదలనివ్వవు. మెలకువ వచ్చాక కూడా ఆ కట్టు వెంటనే వీడకపోతే గది కనిపిస్తూనే ఉంటుంది, ఒళ్లు మాత్రం కదలదు. ఊపిరి ఆడించే ముఖ్య కండరమైన విభాజక పటలం పనిచేస్తూనే ఉంటుంది కనుక ప్రాణానికి భయం లేదు. కానీ పక్కటెముకల మధ్య కండరాలు సడలి ఉండడం వల్ల గట్టిగా ఊపిరి తీయబోతే అందదు, గుండెల మీద బరువు పెట్టినట్టు తోస్తుంది. భయానికి కేంద్రమైన అమిగ్డలా ఆ దశలో చురుకుగా ఉంటుంది కాబట్టి, కలలోని రూపమేదో గది మూల నిలబడినట్టు కూడా కనిపించవచ్చు. నా డిగ్రీ పరీక్షల రోజుల్లో నాకూ రెండుసార్లు ఇలాగే జరిగితే మా నాయనమ్మ తలగడ కింద ఇనుప అట్లకాడ పెట్టింది. పరీక్షలు ముగిసి కంటినిండా నిద్రపోయాక మళ్లీ రాలేదు. ఆమె తనకు తెలిసినది చేసింది. చదువుకున్న అధికారులు అంతటితో ఊరుకోవడం సబబు కాదు.

దీనికి ముఖ్య కారణాలలో నిద్ర చాలకపోవడం ఒకటి. కలల దశ ఎక్కువగా వచ్చేది రాత్రి చివరి భాగంలో. నాలుగున్నర గంట కొట్టి మనం కోసేస్తున్నది సరిగ్గా ఆ భాగాన్నే. పైగా కౌమారంలో నిద్రవేళను సూచించే మెలటోనిన్ అనే హార్మోను రాత్రి ఆలస్యంగా ఊరుతుంది కనుక, పెందలాడే పడుకోమన్నా ఆ పిల్లలకు నిద్ర పట్టదు. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిపుణులు చెబుతుండగా, ఇక్కడ దక్కుతున్నది ఐదు గంటలు. మధ్య, ఉన్నత పాఠశాలలు ఉదయం 8.30 కంటే ముందు మొదలు కారాదని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2014లోనే సూచించింది; కాలిఫోర్నియాలో 2022 నుంచి ఉన్నత పాఠశాలలకు అది చట్టం. మన సుప్రీంకోర్టు కూడా 2012లో, రామ్‌లీలా మైదానం కేసులో, నిద్రను జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. అయినా మన తనిఖీ అధికారులు గదులు లెక్కపెడతారు, మరుగుదొడ్లు చూస్తారు, ర్యాంకులు అడుగుతారు. పిల్లలు ఎన్ని గంటలు నిద్రపోతున్నారని అడిగినవారిని నా ఉద్యోగ జీవితంలో ఒక్కరిని చూడలేదు. చదివినది జ్ఞాపకంగా స్థిరపడడానికి నిద్ర అవసరమని పాఠం చెప్పే కళాశాలలే ఆ నిద్రను తగ్గించి ర్యాంకులు ఆశిస్తున్నాయి.

జిల్లా అధికారులు ముందుగా ఆ వసతి గృహపు దినచర్య తెప్పించుకుని చూడాలి. భయపడి ఇళ్లకు వెళ్లిపోయిన ఇద్దరు పిల్లలకు ‘గాలి సోకింది’ అని ఊళ్లో పేరు పడకముందే, మీ పత్రిక అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వైద్యుల వివరణ ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
నరసరావుపేట