యాసంగి నారు పోయకముందే నీటిమట్టం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

జనగామ పక్కన సబ్‌మెర్సిబుల్ మోటార్లు రీవైండింగ్ చేసే షాపు నాది. ఫిబ్రవరి వచ్చిందంటే గిరాకీ మొదలవుతుంది. వరి పొట్టకొచ్చే వేళకు బోర్లు ఆగి ఆగి పోస్తాయి. కరెంటు రాగానే మోటార్‌ను దానంతటదే నడిపే ఆటో స్టార్టర్ ఉంటే ఇక చెప్పేదే లేదు, రైతు ఇంట్లో పడుకున్నా మోటార్ ఉత్తగా తిరుగుతూనే ఉంటుంది. ఈ మోటార్లను చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే. అవి లేకపోతే తీగ మీది ప్లాస్టిక్ పూత కరిగి, విప్పి చూస్తే వైండింగంతా ఒకటే ముద్ద. 'ఇంకో రెండు పైపులు దింపితే అందుతాయా?' అని రైతు నన్ను అడుగుతాడు.

ఆ మాట చెప్పాల్సింది నేను కాదు. భూగర్భ జల శాఖ పీజోమీటర్లతో, అంటే కొలత కోసమే వేసిన బోర్లతో, నెలనెలా నీటిమట్టం కొలుస్తూనే ఉంది. ఆ లెక్క మన ఊళ్లో తెలిసేది ఎండాకాలం వార్తల్లో, మడి ఎండి గొర్లు మేసినంక!

మనవి గ్రానైట్ నేలలు. హైదరాబాద్ పక్కన మహేశ్వరం దగ్గర ఎన్‌జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి ఇలాంటి నేలనే పరిశోధించారు. నీళ్లుండేది ఎక్కువగా పైన మెత్తబడ్డ రాతిపొరలో, దాని కింది పగుళ్లలో. ఇంకా లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయి. మనమేమో నీళ్ల జాడ చెప్పేటాయన అరచేతిలో కొబ్బరికాయ లేచిందని ఆరేడు వందల ఫీట్లు వేయిస్తున్నాం.

ఉమ్మడి రాష్ట్రంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో రైతులే వానను, బోర్ల మట్టాన్ని కొలిచి, యాసంగికి ముందు నీటి లెక్క కట్టుకున్నారు. మన దగ్గర అదెందుకు కాదు? 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆ రోజే ఈ లెక్క కూడా పెట్టాల్సింది.

నవంబర్ కొలతను నారు పోయకముందే రైతు వేదిక గోడ మీద రాయించండి. పోయినేడు ఎంత, ఈసారి ఎంత, ఈ నీళ్లకు వరి ఎంతవరకు పెట్టొచ్చు, మిగతా భూమిలో మక్కనా, పల్లినా. గట్టి రాతినేలలో పక్కపక్క చేన్లకే నీళ్లలో తేడా ఉంటుంది కాబట్టి మండలానికి ఒకటో రెండో పీజోమీటర్లు చాలవు. వదిలేసిన బోర్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి, వాటిలో రెండు మూడు కొలతకు వాడుకోవచ్చు. ఒక్క మనవి: మట్టాన్ని మీటర్లలో కాకుండా ఫీట్లలో రాయండి. మా పైపుల లెక్కంతా ఫీట్లలోనే.

- ఒక మోటార్ మెకానిక్, జనగామ జిల్లా