ఎయిర్‌పోర్టుకు 3 నిమిషాల రూలు, మరి మన ఫైరింజన్‌కు?

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీల దేవరకద్ర దగ్గర గుడిబండ ఎయిర్‌పోర్టు గురించి మళ్లీ వార్త వచ్చింది. భూమి ఎంత కావాలె, రన్‌వే ఎంత పొడుగు, చుట్టుపక్కల రేట్లు ఎట్ల పెరుగుతయి, అన్నీ రాసిండ్రు గానీ మంటలార్పే బండ్ల గురించి ఒక్క ముక్క లేదు. మన లీడర్ల మాటల్ల కూడా ఎప్పుడూ వినలేదు. అందుకే ఆలస్యమైనా రాస్తున్న.

ఫైర్ బండ్లు లేకుండా ప్యాసింజర్ ఫ్లైట్లు నడవనియ్యరు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమానం పొడుగు, బాడీ వెడల్పు చూసి ఎయిర్‌పోర్టుల ఫైర్ ఏర్పాట్లకు 1 నుంచి 10 దాకా కేటగిరీలు పెట్టింది. ఏటీఆర్ 72 లాంటి చిన్న విమానం దిగాలంటే కేటగిరీ 5, అంటే ఒక బండి, మంటలార్పే నురుగు (ఫోమ్) బి రకందైతే 5,400 లీటర్ల నీళ్లు. ఎయిర్‌బస్ ఏ321 రావాలంటే కేటగిరీ 7, రెండు బండ్లు, 12,100 లీటర్లు. అన్నిటికంటే పెద్ద విమానాలకు మూడు బండ్లు, 32,300 లీటర్లు. ఫోన్ వచ్చినంక రన్‌వే మీద ఏ మూలకైనా 3 నిమిషాల్ల చేరాలె, వీలైతే 2 నిమిషాల్లనే. క్రాష్ ఫైర్ టెండర్ అనే ఆ పెద్ద బండి అంత నీళ్ల బరువు మోసుకుంటనే 40 సెకన్లల్ల 80 కిలోమీటర్ల స్పీడు అందుకోవాలె, డ్రైవర్ క్యాబిన్ల కూసొనే పైనున్న నురుగు చిమ్మే గొట్టం (మానిటర్) తిప్పి, బండి ఆపకుండనే ఫోమ్ కొట్టొచ్చు. ఇంత తొందర ఎందుకంటే రెక్కల నిండా ఇంధనం ఉంటది, మంట బాడీని తినేసి లోపలికి రానీకి ఎక్కువ టైం పట్టదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాల జపాన్ విమానం మొత్తం కాలి బూడిదైంది, అయినా లోపలున్న 379 మంది బయటపడ్డరు. అక్కడ నిమిషాలే ప్రాణాలు కాపాడినయి.

ఇందుల నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. క్రాష్ టెండర్లల్ల ఒకటి రిపేరుకు పోయి వేరే బండి లేకుంటే ఆ ఎయిర్‌పోర్టు కేటగిరీ దిగిపోతది, పైలట్లందరికీ నోటీసు పోతది, పెద్ద విమానాలకు ఇబ్బందే. అంటే బండి చెడిపోయిన సంగతి దాచిపెట్టనీకి లేదు. మరి మన తాలూకా ఫైరింజన్ రిపేరు షెడ్డుకు పోతే ఎవరికి చెప్తున్నరు? ఎవరికీ చెప్పరు. 101 కు ఫోన్ కొట్టినప్పుడే తెలుస్తది.

పోయిన ఎండాకాలం మా పక్క ఊర్ల గడ్డివాములు అంటుకున్నయి. బండి రానైతే వచ్చింది, కానీ పైపు జాయింట్ల నుంచి నీళ్లు చిమ్ముతుంటే ఒక ఫైర్‌మన్ దస్తీ చుట్టి రెండు చేతులతోటి గట్టిగ పట్టుకొని నిలబడ్డడు, ముందల కొట్టే నీళ్లకంటే ఆయన బట్టల మీద పడ్డవే ఎక్కువ. ట్యాంకు ఖాళీ అయినంక బోరు కోసం తిరిగిండ్రు, కరెంటు లేదు. వాములు పోయినయి, పక్కనున్న కొట్టం పోయింది, రెండు బర్లు చచ్చిపోయినయి. ఆ పిల్లగాండ్లది ఏం తప్పు లేదు, పానం పెట్టి పనిచేసిండ్రు. పైపు మార్చియ్యని పెద్దసార్లదే తప్పు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తరు, 1944ల బొంబాయి ఓడరేవుల ప్రాణాలు పోయిన ఫైర్‌మెన్ల యాదిల. ఫొటోలు దిగుతరు, బ్యానర్ కడతరు. ఆ బ్యానర్ పైసలు పెట్టి ఒక పైపు కొనొచ్చు కదా సార్? పాత రోజుల్ల అధికారి అంటే స్టేషన్‌కు పోయి బండి స్టార్ట్ చేయించి చూసేటోడు. ఇప్పుడు వాట్సాప్‌ల ఫొటో వస్తే సరిపోతున్నది.

2013 అక్టోబర్ 30 పాలెం బస్సు మనం మర్చిపోయినమా? 45 మంది కాలిపోయిండ్రు. మళ్ల 2025 అక్టోబర్ 24న ఇదే 44వ నంబర్ హైవే మీద కర్నూలు దగ్గర చిన్నటేకూరుల ఇంకో బస్సు. పన్నెండేండ్లల్ల ఏం నేర్చుకున్నం? షాద్‌నగర్ నుంచి అలంపూర్ దాకా ఏ స్టేషన్ల ఇనుము కోసే హైడ్రాలిక్ కట్టర్ ఉంది, ఏ స్టేషన్ల లేదు, ఒక్కరన్న చెప్తరా?

ఎయిర్‌పోర్టుకు దాని బండ్లు దానికుంటయి, మనకెందుకు అంటరేమో. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌ల విమానం రన్‌వే మీద పడలేదు, ఎయిర్‌పోర్టు గోడ అవతల మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడ్డది, 260 మంది పోయిండ్రు. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌ల రన్‌వే దాటి లోయలకు జారిపోతే ఊరోళ్లే సొంత బండ్లల్ల జనాలను దవాఖానకు మోసిండ్రు. మన నల్లగొండ జిల్లాల పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్ల 2022 ఫిబ్రవరిల ట్రైనింగ్ విమానం కూలి ఒక ఆడపిల్ల చనిపోయింది, ఆ పొలాలకాడ ఏ క్రాష్ టెండర్ ఉంటది? గోడ దాటితే పోవాల్సింది మన ఊరి ఫైరింజనే, దస్తీ చుట్టిన పైపు తోటి.

గుడిబండల ఎయిర్‌పోర్టు రావాలె, మా పిల్లలకు ఉద్యోగాలు రావాలె, నేను వద్దంటలేను. కానీ ఫైళ్ల మీద సంతకాలయ్యే లోపల్నే మన జిల్లా స్టేషన్లకు మంచి పైపులు, కట్టర్లు, సరిపోను మనుషులను ఇయ్యాలె. ఏ స్టేషన్ల బండి నడుస్తున్నది, ఏది రిపేరుల ఉన్నది నెలనెలా కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలె. కలెక్టర్ గారు ఎట్లాగూ పెట్టకపోతే మీ రిపోర్టర్లన్న ఒక్కో స్టేషన్‌కు పోయి చూసి ఎయిర్‌పోర్టు వార్త పక్కనే వేయండి.

— ఒక పాఠకుడు, జడ్చర్ల